జేజినాయన ఎం20 రోడ్డెక్కాలంటే: ముందు నూనె, తర్వాత నిప్పు, రంగు ఆఖర్న

అడిగిన ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా జేజినాయన మిలిటరీ వేలంలో కొన్న బి.ఎస్.ఎ. ఎం20 మోటార్ సైకిల్ ఇరవై ఏళ్ళకు పైగా కొట్టంలోనే నిలబడి ఉంది. కిక్కు కిందికి దిగుతోంది, అంటే ఇంజను పట్టేయలేదు. పెట్రోలు పోసి స్టార్ట్ చేసి చూడొచ్చా అన్నా? బెంగుళూరులో ఒకరు మొత్తం విప్పి క్రోమ్, పెయింటు చేసిస్తామంటున్నారు, ఇవ్వమంటారా? మన ఎండలకు, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకు ఈ బండి నిలుస్తుందా? కాగితాల సంగతేమిటి? ఎప్పటికైనా దీని మీద గండికోట పోవాలని కోరిక.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ కిక్కు మీద నుంచి కాలు తియ్యి. పెట్రోలు కూడా ఇప్పుడే పొయ్యొద్దు. కిక్కు దిగుతోందంటే పిస్టన్ బోరులో, అంటే అది ఆడే సిలిండరు గొట్టంలో, ఇరుక్కోలేదని మాత్రమే అర్థం, ఇంజను బాగుందని కాదు. కొట్టంలో ఇరవై ఏళ్ళు ఊరికే నిలబడిన ఇంజను, బయటికి తీసిన మొదటి పది నిమిషాల్లో పాడవడం మామూలే. బోరులో నూనె పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు ఆగిన చోట సన్నని తుప్పు గీత ఉంటుంది. ఆ స్థితిలో స్టార్టయితే రింగులు బోరును గీసేస్తాయి.

ఈ బండికి నూనె తిరుగుతోందా, నిప్పు వస్తోందా, బ్రేకు పడుతోందా అన్న మూడూ ఈ వరుసలోనే చూసుకో. ఆ మూడూ కుదిరి, ఒక వేసవి నడిచాక రంగు గురించి మాట్లాడుకుందాం. మన వైపు నేను చూసిన పాత బండ్లలో చాలావాటికి ఈ వరుస తలకిందులైంది. ముందు క్రోమ్, తర్వాత కొత్త సీటు, ఆ తర్వాత డబ్బులు అయిపోయాయి. అవి ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఫోటోలకు నిలబడుతున్నాయి, వీధి చివరి దాకా పోలేవు.

నీ దగ్గరున్నది ఎలాంటి బండో కొంచెం తెలుసుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఎం20 1937లో మొదలై 1955 దాకా తయారైంది, బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్ ఫ్యాక్టరీలో. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం లక్షకు పైగా చేశారు. యుద్ధం అయ్యాక మన దేశంలో మిగిలినవాటిని డిస్పోజల్స్‌లో అమ్మేశారు. మీ జేజినాయనకు దొరికింది అందులోదే అయ్యుంటుంది. ఒకే సిలిండరు, 496 సీసీ, బోరు 82 మి.మీ., స్ట్రోకు 112 మి.మీ., బలం 13 హార్స్ పవర్. కంప్రెషన్ 5 కూడా ఉండదు, ఇప్పటి బండ్లలో సగం అన్నమాట. వాల్వులు రెండూ సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి, అందుకే సైడ్ వాల్వు ఇంజను అంటారు. వేగం కోసం చేసిన బండి కాదు. బురదలో, ఇసుకలో, చదువు రాని సిపాయి చేతిలో కూడా నడవాలని చేసింది.

సైడ్ వాల్వు కావడం నీకు కలిసొచ్చింది. మామూలు ఇంజనులో వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే, పిస్టన్ పైకొచ్చి దాన్ని గుద్ది వంచేస్తుంది. దీంట్లో వాల్వు పిస్టన్ దారిలోనే ఉండదు. పైనున్న హెడ్డు గిన్నె మీద మూత లాంటిది. పెట్రోలు ట్యాంకు పక్కకు తీసి బోల్టులు విప్పితే చేతికొస్తుంది, లోపల బోరు, పిస్టన్ తల, వాల్వులు మూడూ కళ్ళెదుట కనబడతాయి. కాబట్టి ఊహించుకుంటూ కూర్చోవద్దు, విప్పి చూడు. రాగి గ్యాస్కెట్ చినగకపోతే పారేయొద్దు, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ పనికొస్తుంది.

విప్పే ముందు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఇంజను ఆయిలు, డీజిలు సగం సగం కలిపి నాలుగు చెంచాలు పొయ్యి. రెండు రోజులు అట్లే వదిలెయ్యి. తర్వాత టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పు. కిక్కుతో తిప్పొద్దని ఎందుకంటున్నానంటే, ఎక్కడైనా బిగుసుకుని ఉంటే దెబ్బ కిక్ గేరు పళ్ళ మీద పడుతుంది, ఆ పళ్ళు విరిగితే దొరకబుచ్చుకోవడం కష్టం. చక్రంతో తిప్పితే ఎక్కడ బరువుగా ఉందో చేతికే తెలుస్తుంది. కొట్టంలో ఉన్న బండి కదా, సైలెన్సరు గొట్టంలో, కార్బరేటరు నోట్లో కందిరీగలు మట్టితో గూళ్ళు పెట్టి ఉంటాయి. టార్చి వేసి చూడు, లేకపోతే ఆ మట్టి నేరుగా బోరులోకి పోతుంది.

ఇక అసలు విషయం, నూనె. ఎం20లో నూనె ఇంజను అడుగున ఉండదు, పక్కనున్న విడి ట్యాంకులో ఉంటుంది. పంపు దాన్ని ఇంజనులోకి తోస్తుంది, ఇంకో పంపు అడుగున చేరిన నూనెను మళ్ళీ ట్యాంకులోకి లాగుతుంది. బండి నెలలు నిలబడితే పంపులోని చిన్న బాల్ వాల్వు దాటుకుని ట్యాంకులోని నూనె బొట్టుబొట్టుగా క్రాంక్ కేసులోకి, అంటే ఇంజను అడుగు గదిలోకి, దిగిపోతుంది. ట్యాంకు ఖాళీగా కనబడుతుంది, తెలియనివాళ్ళు మళ్ళీ నిండుగా పోస్తారు. అప్పుడు స్టార్ట్ చేస్తే ఊరంతా పొగ, బ్రీదరు, అంటే ఇంజను గాలి వదిలే గొట్టం, గుండా నూనె చిమ్ముతుంది. ఇంజను పోయిందని బోరు కొట్టించినవాళ్ళున్నారు, నిజానికి చేయాల్సింది అడుగు ప్లేటు తీసి నూనె వదలడమే.

ఆ అడుగు ప్లేటు తీసినప్పుడే ఇంకో పని చెయ్యి. నూనెను వెనక్కి లాగే పైపు కొన కనబడుతుంది, దాని లోపల కూడా ఒక చిన్న గుండు ఉంటుంది. సన్నని తీగతో పైకి పొడిచి చూడు, గుండు లేచి మళ్ళీ పడాలి. పాత జిగురు నూనెలో అది అతుక్కుపోతే నూనె ట్యాంకుకు తిరిగి రాదు. ట్యాంకును విప్పి కిరసనాయిలుతో కడుగు, అడుగున తారు లాంటి మడ్డి వస్తుంది. జాలీ ఫిల్టర్లు శుభ్రం చెయ్యి, నూనె పైపులు ఊది చూడు.

ఏ నూనె పోయాలి అన్నదాని మీద నెట్‌లో యుద్ధాలే జరుగుతుంటాయి. నా లెక్క ఇది. ఇంజను పూర్తిగా విప్పి కడిగి ఉంటే, 20డబ్ల్యూ50 మినరల్ ఆయిలు పోసుకోవచ్చు. విప్పకుండా నడపాలనుకుంటే మోనోగ్రేడు 50 వెయ్యి, మన ఎండకు అదే సరైనది. దీంట్లో కాగితం ఫిల్టరు లేదు, ఉన్నది జాలీ మాత్రమే. ఇప్పటి ఆయిళ్ళలో ఉండే డిటర్జెంటు ఎన్నో ఏళ్ళ మడ్డిని కదిలించి నూనెలో తేలేలా చేస్తుంది, దాన్ని ఆపే ఫిల్టరు లేదు కాబట్టి అది నేరుగా బిగ్ ఎండుకు, అంటే క్రాంకుకు కనెక్టింగ్ రాడ్డు తగిలే బేరింగుకు, పోతుంది. సింథటిక్ ఆయిలు ఖరీదు ఎక్కువ కాబట్టి మంచిదనుకోవడం ఈ బండి విషయంలో చెల్లదు. గేరు బాక్సులోకి కూడా ఆ 50 నూనే పొయ్యి. లారీలకు వేసే గేరాయిలు కొన్ని రకాలు ఇత్తడి బుష్షుల్ని తినేస్తాయి.

హెడ్డు తీసినప్పుడే బిగ్ ఎండు కూడా చూసుకో. పిస్టన్‌ను పైకి తెచ్చి కాస్త కిందికి దించి, రెండు చేతులతో పైకీ కిందికీ అదిమి చూడు. పక్కలకు కొంచెం ఊగితే పర్వాలేదు, ఉండాలి కూడా. పైకీ కిందికీ టక్ టక్‌మని తెలిస్తే మాత్రం క్రాంకు విప్పాల్సిందే, దాని ముందు ఏం చేసినా డబ్బు దండగ.

నిప్పు సంగతికి వద్దాం. ఎం20కి బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది, మాగ్నెటో తన కరెంటు తనే పుట్టిస్తుంది. లూకాస్ మాగ్డైనో అంటారు, కింద మాగ్నెటో, పైన లైట్ల కోసం 6 వోల్టుల డైనమో. మాగ్నెటోలో కరెంటును తెంచి కలిపే పాయింట్లను సన్నని గరుకు కాగితంతో తుడిచి, గ్యాపు 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెట్టు, అంటే దాదాపు 0.3 మి.మీ. ప్లగ్గు గ్యాపు అర మిల్లీమీటరు. ప్లగ్గును హెడ్డుకు ఆనించి చక్రం తిప్పితే, నీడలో నీలం రంగు నిప్పు గట్టిగా పడాలి. నారింజ రంగులో బలహీనంగా వస్తే నమ్మొద్దు.

మన ప్రాంతంలో మాగ్నెటో పెట్టే ఇబ్బంది ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేస్తుంది. పది పదిహేను కిలోమీటర్లు పోయాక మిస్సయి ఆగిపోతుంది. చెట్టు కింద ఒక గంట నిలిపితే మళ్ళీ లేస్తుంది. చాలామంది దీన్ని కార్బరేటరు తప్పనుకుని జెట్లు మారుస్తూ పోతారు. నూటికి తొంభై సార్లు అది ఆర్మేచరు, అంటే మాగ్నెటోలో తిరిగే తీగ చుట్ల భాగం, లోపలున్న కండెన్సరు. పాత కండెన్సరు వేడికి లీకవుతుంది, పాత వైండింగు మీద పూసిన లక్క కరిగి జిగటగా బయటికొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. అనంతపురం జిల్లాలో వీధికొక బోరు మోటారు వైండింగు షాపు ఉంటుంది, వాళ్ళ పనిలో వాళ్ళు ఘనులే. కానీ మాగ్నెటో ఆర్మేచరును వాళ్ళకిచ్చి చుట్టమనొద్దు. దాంట్లో పై చుట్టు వెంట్రుకంత సన్నని తీగ, వేల చుట్లు, వేల వోల్టుల కరెంటు. మాగ్నెటోలు మాత్రమే చేసేవాళ్ళకు పంపు, ఎంత ఆలస్యమైనా సరే. ఆర్మేచరు బయటికి తీసేటప్పుడు అయస్కాంతం కొనలకు ఇనుప ముక్క అడ్డం పెట్టు, లేకపోతే దాని బలం తగ్గుతుంది.

నీ పానాల పెట్టె కూడా ఈ బండికి పనికిరాదు. బ్రిటిష్ బండి కాబట్టి నట్లు మెట్రిక్ కావు, విట్‌వర్త్ కొలతలు. పావు అంగుళం విట్‌వర్త్ పానా నోరు దాదాపు 13.3 మి.మీ., 5/16ది దాదాపు 15.2. మన షెడ్లలో మొదటి దానికి 14 పానా, రెండో దానికి 16 పానా పెట్టి తిప్పుతారు, మూలలు గుండ్రంగా అయిపోతాయి, తర్వాత ఉలి, సుత్తి. అలా దెబ్బలు తిన్న నట్లు చూస్తేనే ఆ బండి ఎన్ని షెడ్లు తిరిగిందో చెప్పేయొచ్చు. మరలు కూడా వేరు, ఎక్కువ చోట్ల సైకిల్ థ్రెడ్డు, అంగుళానికి 26 లేదా 20 మరలు. దగ్గరగా ఉందని మెట్రిక్ బోల్టు బిగిస్తే క్రాంక్ కేసు థ్రెడ్డు పోతుంది. విట్‌వర్త్ పానాల సెట్టు ముందు కొను, మిగతా ఏదైనా తర్వాత.

పెట్రోలు గురించి నీ భయం సగం నిజం. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్. దానితో ఈ ఇంజను కాలిపోదు. ఇంత తక్కువ కంప్రెషన్ ఇంజను యుద్ధకాలపు నాసిరకం పెట్రోలుతో నడిచింది, కాబట్టి లీటరుకు ఎక్కువ పెట్టి హై ఆక్టేన్ పోయించడం వల్ల దీనికి ఒరిగేదేమీ లేదు. ఇబ్బంది వేరే చోట ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలలు నిలిస్తే నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది. కార్బరేటరు ఒళ్ళు జింకు మిశ్రమం, దాని మీద తెల్లని పొడి పేరుకుంటుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతాయి. లక్క ఇథనాల్‌లో కరిగిపోతుంది, కాబట్టి పాత మెకానిక్‌లు కీళ్ళకు లక్క పూసి ఉంటే అక్కడ కారడం మొదలవుతుంది. ట్యాంకు లోపల ఎప్పుడో పూసిన సీలరు పొరలు పొరలుగా లేచి జెట్టుకు అడ్డం పడుతుంది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ట్యాంకులో గొలుసు ముక్క, కిరసనాయిలు వేసి బాగా ఊపి తుప్పు వదిలించు. సీలరు వేయించక తప్పకపోతే ఇథనాల్‌కు తట్టుకునేదని రాసి ఉన్నది వెయ్యి. పైపులు కొత్తవి వేసి ఏటా మార్చు. బండి వారం కన్నా ఎక్కువ నిలుపుతానంటే, ట్యాప్ ఆపి, కార్బరేటరులోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపు. నెలలు నిలిపేటట్టయితే ట్యాంకు ఖాళీ చెయ్యి. ఇథనాల్ వల్ల మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ప్లగ్గు తీసి చూస్తే తెల్లగా కాలి ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచు, కాఫీ పొడి రంగులో ఉంటే ముట్టుకోవద్దు.

సీసం లేని పెట్రోలుకు వాల్వు సీట్లు అరిగిపోతాయని కొందరు భయపెడతారు. 2000 నుంచి మన దేశమంతా సీసం లేని పెట్రోలే. ఈ వేగాల్లో నడిపితే అది పెద్ద సమస్య కాదు. అప్పుడప్పుడు టాపెట్ గ్యాపు, అంటే వాల్వుకు దాన్ని తోసే టాపెట్టుకు మధ్య సందు, చూసుకో. ఎగ్జాస్ట్ వైపు గ్యాపు తనంతట తానే తగ్గుతూ పోతుంటేనే సీటు కిందికి దిగుతోందని అర్థం.

దుమ్ము గురించి ఎవరూ అడగరు, మన దగ్గర ఇంజన్లను తినేది అదే. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, తాడిపత్రి దారిలో బండల పాలిష్ పొడి, అనంతపురం వైపు ఎర్రమన్ను. ఆఫ్రికా ఎడారికి పంపిన ఎం20లకు బ్రిటిష్ సైన్యం పెట్రోలు ట్యాంకు మీదే పెద్ద డబ్బా లాంటి ఎయిర్ ఫిల్టరు బిగించింది. ఫిల్టరు లేని ఇంజను ఇసుకలో ఎంతకాలం ఉంటుందో వాళ్ళు చూశారు కాబట్టే. మీ బండికి కార్బరేటరు నోరు ఖాళీగా ఉంటే, అందం పోతుందని చూడకుండా ఏదో ఒక ఫిల్టరు పెట్టు, నూనె పూసిన ఫోమ్ అయినా సరే. వానాకాలం జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలోకి పోతే మట్టి మడ్‌గార్డు నిండా పట్టి చక్రమే తిరగదు. ఆ రోజుల్లో తారు రోడ్డు దిగొద్దు.

బ్రేకుల విషయంలో రాజీ పడొద్దు. ముందు వెనక 7 అంగుళాల డ్రమ్ములే, కొత్తగా ఉన్నప్పుడే గొప్పగా ఆగేవి కావు. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడిని నోటితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడువు. లారీ బ్రేకు షూలకు లైనింగు వేసే షాపుల్లో దీనికీ వేయించుకోవచ్చు, గట్టిది కాకుండా మెత్తటి రకం అడుగు. డ్రమ్ము ఓవలు తిరిగి ఉంటే లేతు మీద పెట్టించు. కేబుళ్ళ కొనకు కాగితం గరాటు కట్టి నూనె పోసి రాత్రంతా వేలాడదియ్యి. ముందు గర్డరు ఫోర్కుకు ఉన్న గ్రీజు నిపుల్స్ అన్నిటికీ, పాత నల్లని గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టు. ఆ స్పిండిళ్ళ బుష్షులు అరిగి ఉంటే ప్రొద్దుటూరు లేతు షాపుల్లోనే గన్ మెటల్‌తో చేయించుకోవచ్చు. టైర్ల గురించి దిగులు వద్దు. 3.25-19 సైజు, పాత బుల్లెట్ టైరే. పైకి ఎంత బాగున్నా కొట్టంలో ఉన్న పాత టైర్ల మీద మాత్రం నడపొద్దు.

ఇప్పుడు బెంగుళూరు వాళ్ళ సంగతి. ఇవ్వొద్దనే నా మాట. యుద్ధకాలపు ఎం20కి క్రోమ్ ఉండేది కాదు, అంతా సైన్యం రంగే. దానికి మెరుగులు దిద్దితే ఖర్చు నీది, పోయేది బండి చరిత్ర. మీ జేజినాయన చేతి అరుగుదల ఉన్న హ్యాండిల్‌బారు, ఆయన రాయించిన నంబరు ప్లేటు ఒక్కసారి పోతే తిరిగి రావు. నాకు తెలిసిన ఒకాయన బండి రంగుకిస్తే, అక్కడి కుర్రాడు నునుపు చేయడం కోసం ఫ్రేము నంబరును గ్రైండరుతో సాపు చేసేశాడు. ఆయన ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. యుద్ధకాలపు బండ్లకు ఇంజను మీద, ఫ్రేము మీద నంబరుకు ముందు డబ్ల్యూఎం20 అని ఉంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వకముందే ఆ రెండు నంబర్లనూ శుభ్రం చేసి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకో, ఫోటోలు కూడా తియ్యి.

స్టార్ట్ చేసే పద్ధతి చెబుతా. ట్యాప్ తెరిచి, కార్బరేటరు పక్కనున్న టిక్లరు అనే చిన్న బొత్తాన్ని పెట్రోలు చెమ్మ కనబడేదాకా నొక్కు. గాలి లివరు మూసెయ్యి. ఎడమ చేతి దగ్గరున్న ఇగ్నిషన్ లివరును కొంచెం వెనక్కి, అంటే నిప్పు ఆలస్యంగా పడే రిటార్డ్ వైపు పెట్టు. ఇది మర్చిపోతే కిక్కు వెనక్కి తంతుంది, మడమ వాచిపోతుంది. కాలు పెట్టి కంప్రెషన్ తగిలేదాకా దించు, వాల్వు తెరిచి కంప్రెషన్ వదిలించే వాల్వు లిఫ్టరు పట్టుకుని పిస్టన్‌ను ఆ గట్టు కాస్త దాటించు, లిఫ్టరు వదిలెయ్యి. కిక్కును పైకి రానిచ్చి, ఒక్కటే, పూర్తిగా కిందిదాకా, తొందర లేకుండా తొక్కు. బలం అక్కర్లేదు. లేచాక వెంటనే నూనె ట్యాంకు మూత తీసి చూడు, పైపులోంచి నూనె తిరిగి వస్తూ ఉండాలి. అర నిమిషంలో రాకపోతే ఆపెయ్యి. ఈ చూపు ప్రతిసారీ అలవాటు చేసుకో.

గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇప్పటి బండ్లకు అలవాటు పడిన కాలు ఆపద సమయంలో కుడివైపే తొక్కుతుంది, బ్రేకు పడదు, గేరు పడుతుంది. రోడ్డెక్కే ముందు ఖాళీ పొలం దారిలో కాలికి ఆ సంగతి నేర్పించు. వెనకాల కుక్క తరిమినా తడబడకూడదు, అంతదాకా.

ఎండలో నడపొచ్చా అంటే, నడపొచ్చు, మధ్యాహ్నం కాదు. సైడ్ వాల్వు ఇంజనులో ఎగ్జాస్ట్ దారి సిలిండరు ఒంట్లోంచే పోతుంది, అందుకని ఇనుప సిలిండరు మిగతావాటి కన్నా వేడెక్కుతుంది. మేలో నంద్యాల, కర్నూలు వైపు గాలే 43 డిగ్రీలుంటే అది చల్లబడేదెలా? తెల్లవారుజామున బయల్దేరి పది లోపు చేరుకో. 50, 55 వేగం దాని నడక, ఆ వేగంలో రోజంతా పోతుంది. 80 దగ్గర పట్టుకుంటే పోతున్నట్టే ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలేదాకా. అందుకే నేనైతే హైదరాబాదు, బెంగుళూరు హైవే ఎక్కను. లారీలు వెనక హారన్లు కొడుతుంటే నీ మీద నీకే టెన్షన్, వేగం పెంచేస్తావు. లోపలి రోడ్లే దీనికి తగినవి. గండికోట మీకు నలభై కిలోమీటర్ల చుట్టుపక్కలే, జమ్మలమడుగు దాకా చదును, మొదటి పెద్ద ప్రయాణానికి అంతకన్నా మంచి దారి లేదు. దారిలో ఆగినప్పుడు వేడి సిలిండరు మీద నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, పోత ఇనుము పగులుతుంది.

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు మాత్రం బండి మీద నమ్మకం కుదిరాకే. ఎక్కేటప్పుడు ఇంజను మూలిగేదాకా పెద్ద గేరులో లాగొద్దు, ముందే దించు. టకటకమని కొట్టుకుంటుంటే ఇగ్నిషన్ లివరు కొంచెం వెనక్కి తియ్యి, చదునుకొచ్చాక మళ్ళీ ముందుకు నెట్టు. రిటార్డులో అట్లే వదిలేసి నడిపితే సైలెన్సరు పైపు నీలంగా మారుతుంది, ఇంజను కాగిపోతుంది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు, డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే చివరి మలుపులో పట్టవు. కిందికి దిగాక ఒకసారి ఆగి, చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చూడు, ఎంత వేడెక్కిందో తెలుస్తుంది.

కాగితాలు. జేజినాయన పేరు మీద ఆర్‌సీ ఉంటే నీ అదృష్టం, చిరిగినా దాచు. ఓనరు చనిపోతే వారసుడి పేరుకు మార్చుకోవడానికి ఫారం 31. నంబరు వాడుకలో ఉంచుకుని మామూలుగా రోడ్డు మీద తిప్పాలనుకుంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించు, అది ఐదేళ్ళకొకసారి. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికి అవి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. కాగితాలే లేని బండికి అది మంచి దారి. కానీ ఆ రిజిస్ట్రేషన్ మీద రోజూ తిప్పుకోకూడదు, ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం లాంటివాటికే అనుమతి. ఆర్‌సీ ఉన్నవాడివి తొందరపడి అటు పోవద్దు.

ఇదే దారిలో ఉన్న ఇతర బండ్లవాళ్ళకు రెండు ముక్కలు. జావా అయితే చెక్ దేశపు బండి, మైసూరులో 1961 నుంచి తయారైంది, నట్లన్నీ మెట్రిక్. టూ స్ట్రోక్ కాబట్టి నూనె ట్యాంకు గోల లేదు, కానీ ఏళ్ళు నిలిస్తే క్రాంకు ఆయిల్ సీళ్ళు ఎండి గాలి లాగుతాయి, మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. సీళ్ళు మార్చకుండా నడపొద్దు. పాత బుల్లెట్ అయితే నేను పైన చెప్పింది చాలావరకు సరిపోతుంది, సామాన్లు మాత్రం నీకన్నా వాళ్ళకు సులువు.

నీ బండికి సామాన్లు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. మన దేశంలో చేసే నకళ్ళు కూడా ఉన్నాయి, వాటిలో గ్యాస్కెట్లు, కేబుళ్ళు, రబ్బర్లు పర్వాలేదు. గేర్లు, కామ్‌లు, వాల్వులు మాత్రం కొలిచి, చేతిలో పట్టుకుని చూడకుండా కొనొద్దు. కొంచెం అరిగిన పాత ఒరిజినల్ గేరు, మెత్తటి ఇనుముతో చేసిన కొత్త గేరు కన్నా ఎక్కువ కాలం వస్తుంది. మహీంద్రా అండతో ఉన్న క్లాసిక్ లెజెండ్స్ 2016లో బి.ఎస్.ఎ. పేరు కొన్నది, కొత్త గోల్డ్ స్టార్ కూడా వచ్చింది. ఆ షోరూముకు పోయి ఎం20 పిస్టన్ రింగులు అడిగి నవ్వులపాలు కావొద్దు, ట్యాంకు మీది పేరు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు.

హెడ్డు విప్పాక బోరు ఫోటో ఒకటి, వాల్వుల ఫోటో ఒకటి పెట్టు. బోరు పైన గట్టు గోరుకు తగులుతుంటే ఎంత ఉందో గేజితో కొలిచి రాయి, రింగులతో సరిపోతుందో ఓవర్‌సైజు పిస్టన్ వేయాలో అప్పుడు చెబుతా.